గజ్జలకొండ దాటింది

ఫోటో వచ్చిందంటే హైమావతి చెప్పులేసుకునేది.

ఆ ఫోటోలో పెద్దగా ఏమీ ఉండదు. ఓ మూల నీలం రంగు ప్రహరీ, దాని వెనక పోతున్న రైలు, చాలాసార్లు అడ్డంగా ఓ బొటనవేలు. పైన దేవదానం అనే పేరు.

అంతే చాలు. బండి ముందు స్టేషన్ గజ్జలకొండ దాటిందని అర్థం. అప్పుడు ఇంట్లోంచి కదిలి ఆటో ఎక్కితే మార్కాపురం రోడ్డు స్టేషన్లో బండి అందుతుంది. గిద్దలూరులో ఆఫీసుకు వేళకు చేరుతుంది. రైళ్ళ యాప్‌ను నమ్ముకుంటే అది చెప్పేది ఒకటి, పట్టాల మీద జరిగేది ఇంకొకటి.

'గిద్దలూరు బండి' అనే ఆ వాట్సాప్ గ్రూపులో రోజూ పోయి వచ్చేవాళ్ళు పాతికముప్పై మంది ఉంటారు. మొదలుపెట్టినవాళ్ళు బదిలీలై వెళ్ళిపోయారు. ఇప్పుడున్నవాళ్ళలో దేవదానాన్ని చూసినవాళ్ళు ఎవరూ లేరు.

హైమావతి చేరి ఏడాదయింది. అన్నీ చదివేది, ఒక్క ముక్క రాసేది కాదు. రాస్తే ఎవరేమనుకుంటారోనని జంకు. తనలాగే నోరు మెదపని ఆ దేవదానమంటే మాత్రం ఏదో అభిమానం.

గిద్దలూరులో బట్టల దుకాణమున్న సీతారామాంజనేయులు గ్రూపుకు పెద్ద. ఒకరోజు ఆయన రాశాడు.

"గ్రూపులో ఆడపిల్లలుండారు. ఎవరు ఎవరో తెలియాల. అందరూ పేరు, ఊరు, చేసే పని రాయండి."

అందరూ రాశారు. హైమావతి కూడా బలవంతాన పేరు, ఊరు రాసి ఊరుకుంది.

దేవదానం రాయలేదు. మర్నాడు ఎప్పటిలాగే రైలు ఫోటో పెట్టాడు.

"దేవదానం గారూ, మీరెవరో చెప్పండి," అని సీతారామాంజనేయులు మళ్ళీ అడిగాడు.

ఆ మరుసటి రోజూ రైలు ఫోటోనే వచ్చింది.

కంభం ఆసుపత్రిలో నర్సుగా చేసే రామతులసమ్మ ఫోన్ చేసి చూసింది. రింగయింది, ఎవరూ ఎత్తలేదు.

"పిలిస్తే పలకని మనిషి మనకెందుకు?" అని సీతారామాంజనేయులు ఆ పేరును తీసేశాడు.

హైమావతి 'ఉండనీయండన్నా' అని టైపు చేసింది. పంపకుండానే చెరిపేసింది.

తర్వాత నుంచి ఫోటో లేదు. ఓ రోజు అందరూ ముందే పోయి ఎండలో నిలబడ్డారు. ఇంకో రోజు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి చివరి పెట్టె కనబడింది. ఆ రోజు హైమావతికి ఆఫీసులో సెలవు రాసేశారు.

ఖాళీ ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఆమె ఫోన్ తీసింది. ఈసారి చెరపలేదు.

"అన్నా, ఏడాదిగా నేను బండి అందుకున్నది దేవదానం గారి ఫోటో చూసే. ఒక్కరోజు కూడా ఆయనకు మంచి మాట రాయలేదు. తీసేస్తుంటే కూడా ఊరకున్నాను. ఆయన్ను మళ్ళీ పిలుద్దాం. నేనే పోయి అడుగుతా."



"నేనూ అంతే హైమా. పోయి రా," అని రాసింది రామతులసమ్మ.

"తొందరపడినాను తల్లీ. మనిషెవరో చూసి నాకు ఫోన్ చెయ్యి," అని రాశాడు సీతారామాంజనేయులు.

రెండో శనివారం పొద్దున్నే హైమావతి షేరాటోలో గజ్జలకొండ పోయింది. పట్టాల పక్కన నీలం ప్రహరీని కనుక్కోవడం కష్టం కాలేదు.

వాకిలి ఊడుస్తున్న పెద్దామె తలెత్తింది.

"దేవదానం గారి ఇల్లు ఇదేనా అమ్మా?"

"ఇదే. నువ్వెవురు తల్లీ?"

"హైమావతి. గిద్దలూరు బండిలో పోతా. ఆయనతో ఒక మాట చెప్పాలని వచ్చినా."

ఆమె చీపురు పక్కన పెట్టింది.

"నేను వాళ్ళమ్మను, మగ్దలీనమ్మ. కూర్చో, టీ పెడతా."

టీ పొంగుతుండగా రైలు కూత వినబడింది.

మగ్దలీనమ్మ పొయ్యి తగ్గించి, బొడ్లోంచి ఫోన్ తీసుకుని ప్రహరీ దగ్గరకు ఉరికింది. చెయ్యి చాపి నొక్కింది. బొటనవేలు కెమెరా అద్దానికి అడ్డంగా పడింది.

"ఫోటోలు మీరు పెడతారా?"

"మా పిల్లోడు నేర్పినాడు. బండి కనపడంగానే ఇది నొక్కు, మళ్ళ ఇది నొక్కు అని. నాకు చదువు రాదు. ఈ మధ్య ఎంత నొక్కినా పోవడంల్యా. ఫోను చెడిపోయిందేమో. ఆడ మీరంతా బండి తప్పిపోతాండారేమోనని ఒకటే దిగులు."

హైమావతి పక్కకు పోయి సీతారామాంజనేయులుకు ఫోన్ చేసింది.

"అన్నా, ఆ నంబరు ఇప్పుడే గ్రూపులో చేర్చు. అంతా తర్వాత చెప్తా."

తిరిగొచ్చి, "ఇప్పుడు నొక్కమ్మా," అంది.

ఫోటో పోయింది. వెంటనే ఆ ఫోన్ టింగుటింగుమంటూ మోగడం మొదలుపెట్టింది.

"ఏంది, ఇన్ని మోతలు?"

"మీ వాడికే అమ్మా. చదువుతా వినండి. 'రండి దేవదానం గారూ, మీరు లేక బండి అందడంల్యా.' ఇంకొకరు, 'దేవదానమన్నా, ఒకరోజు మా పెట్టెలో ఎక్కు, టిఫిను నాది.'"

మగ్దలీనమ్మ ఆమె పక్కనే కూలబడినట్టు కూర్చుంది.

"ఇంకొకసారి చదువు తల్లీ. వాడి పేరున్నకాడ."

హైమావతి చదివింది. ఆమె అడిగితే మళ్ళీ చదివింది.

"ఆయన ఎప్పుడొస్తారు? ఇవన్నీ ఆయనకూ నేనే వినిపించి పోతా."

మగ్దలీనమ్మ టీ గ్లాసు ఆమె చేతికిచ్చింది.

"వాడు చనిపోయి రెండేండ్లు దాటింది తల్లీ, నేను మాట్లాడితే మీకు తెలిసిపోతాదని ఫోను ఎత్తేదాన్ని కాదు, మీ బండిలో అన్నా వాడి పేరు తిరుగుతా ఉండనీ అనుకున్నా."