అడిగే మాటలు చాలు

"జవాబులు నాకొద్దు మా. అడిగే మాటలు నేర్పించు, చాలు" అంది నాగులమ్మ.

జ్ఞానాంబ కళ్లజోడు తీసి చూసింది. పాకాల ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయింది ఆమె. ట్యూషనుకి పిల్లలు వస్తుంటారు. వేరుశనక్కాయల మండీలో తాలుకాయలు ఏరే ఆడమనిషి గడపలో కూర్చుని ఇంగ్లీషు నేర్పమనడం ఇదే మొదలు.

"ఎవరిని అడగాలి?"

"ట్రావెలర్సు బంగళాలో దొరసాని దిగిందే, ఆయమ్మతో పెద్ద టోపీ పెట్టుకోని ఒక పాప ఉండాది. ఆ పాపను."

"ఆ దొరసాని ఇదివరకు ఈ పక్క ఆస్పత్రిలో నర్సుగా చేసిందట గదా. తెలుగు వచ్చట. ఆమెనే అడుగు."

"ఆయమ్మను కాదు మా. పాపనే. ఆయమ్మ పక్కన లేనప్పుడు."

ఆ చివరి మాట జ్ఞానాంబకి నచ్చలేదు. అయినా నేర్పింది.

నాగులమ్మ రోజూ మండీ వదిలాక వచ్చేది. ఫీజు కింద ఒడిలోంచి గుప్పెడు కాయలు తీసి అరుగు మీద పోసేది.

"ఎదురుగా ఉన్న మనిషినైతే 'డు యూ' అనాలి. ఎదుట లేని ఆమె గురించైతే 'డజ్ షీ'. ఏదీ, అను."

"డు షీ."

"డజ్ షీ!"

"ఎదురుగా ఉంటే ఒక మాట, చాటున ఇంకో మాటా? ఇంగ్లీషోళ్లు మా మండీ మేస్త్రీ మాదిరే ఉండారే!"

జ్ఞానాంబ పగలబడి నవ్వింది. అప్పుడే పాలు పోసే తవుడయ్య చెంబు కోసం వాకిట్లోకి వచ్చాడు.

"హూ ఈజ్ హీ? చెప్పు నాగులమ్మా. ఇతని పేరు వెనక పెద్ద కథ ఉంది. ముందు పుట్టినవాళ్లు ఒక్కరూ దక్కలేదట. ఇతన్ని పుట్టగానే చేటలో పడుకోబెట్టి, పక్కింటామెకు దోసెడు తవుడుకి అమ్మేశారట, చావు ఇంకొకరి బిడ్డ అనుకుని దాటిపోతుందని. నడక రాగానే ఆ తవుడు తిరిగిచ్చి తెచ్చుకున్నారు. ఏం పిచ్చి!"

"పిచ్చో గిచ్చో, నీకు పాలు పోసేదానికి మిగిలినాను గదా టీచరమ్మా" అని మీసం దువ్వుకున్నాడు తవుడయ్య.

నాగులమ్మ మాత్రం నవ్వలేదు.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్నలు వేరుగా ఉన్నాయి.

"నువ్వు ఒక్కదానివే పడుకుంటావా అనేదానికి ఏమనాల?"

"డు యూ స్లీప్ అలోన్?"

"నిద్రలో లేచి ఏడుస్తావా?"

"డు యూ క్రై?"

"మిఠాయి ఇస్తే తింటావా?"

జ్ఞానాంబ ఒలుస్తున్న కాయ పక్కన పెట్టేసింది. కిందటి నెలలోనే జంక్షనులో, కాట్పాడి బండి దగ్గర, మిఠాయి ఆశ చూపి ఎవరో ఆడమనిషి ఒక పసిదాన్ని ఎత్తుకుపోయింది. ఇప్పటికీ జాడ లేదు.

జ్ఞానాంబ చూపు నాగులమ్మ కొంగు మీద పడింది. కొంగుకి ఈ మధ్య ఒక ముడి కనిపిస్తోంది. కూర్చున్నంతసేపూ నాగులమ్మ చెయ్యి దాని మీదే ఉంటుంది.

"అదేంటి?"

"దొరసానికి ఇచ్చేది."

"ఏమిచ్చేది?"

"తినేది కాదులే మా" అని నాగులమ్మ లేచిపోయింది.

మర్నాడు ఆమె మండీకి పోలేదు. పొద్దు వాలకముందే వచ్చింది. తలంటుకుని, ఉతికిన చీర కట్టుకుంది. కొంగున ముడి అలాగే ఉంది.

"రేపు తెల్లారి బండికి వాళ్లు మద్రాసు పోతారంట. ఇంకొక్క మాట చెప్పు మా. 'నాతో వస్తావా' అనేదానికి ఏమనాల?"

జ్ఞానాంబ చటుక్కున లేచి నిలబడింది.

"ఎవరే నువ్వు? ఆ పిల్లతో నీకేం పని?"

"అది నోటితో అనకూడదు మా. అంటే చెడిపోతాది."

"నాకు తెలీదు పో! నేను చెప్పను!"

నాగులమ్మ తల దించుకుంది. పెదవులు కదిలించింది. నేర్చుకున్న మాటల్లోంచి ఒక్కొక్కటే ఏరి పెట్టుకుంది.

"డు యూ కమ్?" అంది. 'డు యూ' దగ్గర తప్పు లేదు. గిర్రున తిరిగి వెళ్లిపోయింది.

జ్ఞానాంబ చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరింది. ఆ మాటలు నేర్పింది తనే. బంగళా గేటు దగ్గర వాచ్‌మన్ మునిరత్నం బీడీ కాలుస్తున్నాడు.

"ఇటు ఎవరన్నా ఆడమనిషి వచ్చిందా?"

"మన నాగులమ్మేగా? పూలిచ్చిపోతానంటే పంపిచ్చినాను."

"పూలు కాదయ్యా! కర్ర తీసుకుని రా!"

వరండా మెట్ల మీద పాప కూర్చుని ఉంది. ఇన్ని రోజులూ జ్ఞానాంబ దూరం నుంచి చూసిన, ముఖం కప్పేసే పెద్ద టోపీయే నెత్తిన ఉంది, ఒంటికి అదే పొడుగు చేతుల గౌను. ముందర గొంతుక్కూర్చున్న నాగులమ్మ పాప చెయ్యి పట్టుకుని ఉంది.

"డు యూ కమ్?" అంటోంది మెల్లగా. "డు యూ కమ్?"

"పట్టుకో దాన్ని!" అని అరిచింది జ్ఞానాంబ.

లోపల పెట్టెలు సర్దుతున్న దొరసాని పరుగున వచ్చి పాపను లాగి వెనక్కి దాచుకుంది. నాగులమ్మను చూడగానే ఆమె ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. మునిరత్నం నాగులమ్మ రెక్క పట్టుకున్నాడు. ఆ తోపులాటలో పాప టోపీ కిందపడింది.

పాప నల్లగా, అచ్చం నాగులమ్మ పోలికతో ఉంది.

మునిరత్నం పట్టు వదిలేశాడు. నాగులమ్మ కొంగు ముడి విప్పి, అందులోని దోసెడు తవుడూ దొరసాని కాళ్ల ముందర పోసి, "పుట్టినోళ్లంతా పోతా ఉంటే ఇదన్నా దక్కాలని చేటలో పెట్టి ఉత్తుత్తికి నీకు అమ్మితే, నిజమనుకోని మీ దేశం ఎత్తుకపోతివే తల్లీ, ఇదో నీ తవుడు, ఇంక నా బిడ్డను నాకియ్యి" అంది.