రెక్క మీద ఎర్రమట్టి

తల్లులారా, కాస్త దగ్గరికి జరిగి వినండి. స్వామి దయవల్ల ఎప్పుడూ ఎండని మడుగొకటి ఉండేది. అడవి తగలబడితే ఓ బాతు పిల్లలతో అక్కడికొచ్చి చోటడిగింది. కాపలా కొంగ దాని రెక్క మీద ఎర్రమట్టితో గుర్తు పెట్టి, “పిల్లలకు రెక్కలొచ్చేదాకా ఉండమ్మా” అంది.

వారం తిరక్కుండానే కొంగ మళ్ళీ వచ్చింది. “గుర్తున్నవాళ్ళంతా గట్టెక్కండి. పాతది మాసిపోయింది, కొత్తది పెడతాం.”

“మరి మట్టి ఏదీ, కొంగక్కా?” అంది బాతు నీళ్ళలోంచే.

“తెస్తారులే.”

“నీ వెనక ఆ గద్దలెందుకు?”

“దారి చూపించడానికి.”

“ఎక్కడికి? అడవింకా పొగలు కక్కుతోందిగా.”

కొంగ గద్దల వైపు తల తిప్పింది.

బాతు పిల్లలతో వెనక్కి ఈది, ఆ గుర్తు ఆనవాలైనా మిగలకుండా రెక్క రుద్ది రుద్ది కడుక్కుంది. అడిగి లోపలికొచ్చిన ఆ తల్లి అప్పటినుంచి తుంగలో దాక్కుని బతుకుతోంది. దాని పిల్లల కోసం స్వామికి ఓ దణ్ణం పెట్టండి.