కళ్ళు మూయించని తూటా

మార్లిస్ చేతిలోని తూటాల పెట్టెను ముసలాయన లాగేసుకున్నాడు.

"ఇది నీకొద్దమ్మాయ్."

మార్లిస్ ఉలిక్కిపడి, చంకలోని పిల్లను దగ్గరికి హత్తుకుంది. ఈయన్ని ఈ కొట్లో ఎప్పుడూ చూడలేదు.

"అది మా ఆయన రైఫిల్‌కి. మాగ్నమ్, పెద్ద తూటా," అంది.

"కాల్చేది మీ ఆయనేనా?"

"కాదు, నేనే. ఆయన కాలు విరిగి మంచంలో ఉన్నాడు."

అన్నాక నాలుక కరుచుకుంది. ముక్కూ మొహం తెలియనివాడికి ఇదంతా ఎందుకు చెప్పినట్టు?

కాఫీ తాగుతూ నిలబడ్డవాళ్ళలో ఒకడు నవ్వాడు.

"ఎల్క్ దుప్పి అంటే కుందేలనుకున్నావా పెద్దాయనా? గుర్రమంత ఉంటుంది! దానికి ఫిరంగే కావాలి."

"ఫిరంగి సరే. పేల్చేటప్పుడు కళ్ళు మూసుకుంటావా అమ్మాయ్?"

మార్లిస్ తల ఊపింది. మూసుకుంటుంది. మొన్న ఆయన రైఫిల్‌తో గురి చూసి కాలిస్తే భుజం కమిలిపోయింది, గుండు ఎటు పోయిందో తెలియలేదు.

"ఇంట్లో ఇంకో రైఫిల్ లేదూ?"

"మా అమ్మది ఉంది. టూ సెవెంటీ రకం. తూటా చిన్నది."

"కళ్ళు తెరిచి కాల్చగలిగితే అదే పెద్దది. ఇదిగో, ఈ తూటా తీసుకో. గుండు బరువు, ఎముక తగిలినా చిట్లదు. బాగా దగ్గరికి వెళ్ళు. ముంగాలి వెనక కొట్టు."

పెట్టె ఆమె చేతిలో పెట్టి గొంతు తగ్గించాడు.

"ఒక్కదానివే వెళ్తున్నావా? ఏ వాగు పక్క? బండి ఎక్కడ ఆపుతావు?"

మార్లిస్ మొహం బిగుసుకుంది.

ఈ మోంటానా కొండల్లో మనిషిని జీతమైనా అడగొచ్చు, వేటాడే చోటు మాత్రం అడగరు. అడిగినవాడు అక్కడి ఎల్క్ మందను కాజేయడానికే అడుగుతాడు. అది పసిపిల్లలకూ తెలుసు.

చిన్న తూటా అంటగట్టిందీ అందుకేనేమో! తన గురి తప్పితే, వెనకే పొంచి ఉండి కొడదామనేమో!

ఇంట్లో ఖాళీ ఫ్రీజర్ కళ్ళముందు మెదిలింది. ఏడాదికి ఒక్క ఎల్క్‌కే వేట అనుమతి. అది దక్కకపోతే మంచు కరిగేదాకా పిల్లలకు మాంసం లేదు.

"విల్లో వాగు," అని అబద్ధమాడింది. "శనివారం."

శనివారం ఆమె వెళ్ళింది అవతలి కొండకి.

దారంతా వెనక్కి చూసుకుంటూనే నడిచింది. కొమ్మ విరిగిన చప్పుడైనా ముసలాడే అనుకుంది.

చెట్ల మధ్య మంద మేస్తోంది. ఒక ఆడ ఎల్క్ పక్కకి తిరిగింది. అమ్మ రైఫిల్ భుజాన్ని తన్నలేదు. కళ్ళు తెరిచే కాల్చింది. ఒక్క గుండుకే అది కూలిపోయింది.

మార్లిస్ ఏడ్చేసింది, సంతోషంతో.

ఆ సంతోషం మాంసం కోయడంతోనే సరి. ఒక్కో తొడ ఆమె పెద్దపిల్ల కంటే బరువుంది. ఒకటి వీపున వేసుకుని, పడుతూ లేస్తూ బండి చేరేసరికి పొద్దు గూకింది. ఎవరినైనా సాయం పిలవాలంటే చోటు చెప్పాలి. పిలవలేదు.

మర్నాడు వెళ్ళి చూస్తే, మిగతా మాంసమంతా మట్టితో కప్పేసి ఉంది. ఆ గుట్టకు ఆనుకుని ఎలుగుబంటి పడుకుని ఉంది.

చప్పుడు కాకుండా వెనక్కి అడుగులేసింది.

తర్వాత కొట్టుకు వెళ్తే యజమానురాలు ఆర్డిస్ కనిపించింది.

"ఆర్డిస్, మొన్న ఇక్కడ నాకు తూటాలు మార్చి ఇచ్చిన ముసలాడెవరు? అడగకూడనివన్నీ అడిగాడు. చోటు దొంగలా ఉన్నాడు."

ఆర్డిస్ ఆమెను వింతగా చూసింది.

"ఎమెట్ గురించా నువ్వనేది? పొద్దున్నే వచ్చాడు, ఆ పిల్లతల్లి క్షేమంగా ఇల్లు చేరిందా అని కనుక్కోవడానికి."

"ఆయనకెందుకంట?"

"ఒంటరిగా వేటకెళ్ళే ఆడవాళ్ళ మాంసం కొండ దించిపెడతాడమ్మా, ఊరికే. శనివారం చీకటి పడేదాకా కంచర గాడిదలతో విల్లో వాగు దగ్గర నీకోసమే కాచుకుని ఉన్నాడట."