అవే అంకెలు

చెప్పులు బయట విప్పి, తలుపు కొంచెం తెరిచి లోపలికి తొంగి చూశాడాయన.

"అమ్మా, పత్తి పురుగు లెక్కలు చూసేది మీరేనా?"

హారిక తల తిప్పలేదు. గుంటూరు పరిశోధన కేంద్రంలో ఆ గదికి ఏసీ పెట్టింది కంప్యూటరు కోసం, మనుషుల కోసం కాదు. తలుపు తెరిచినవాళ్ళంటే అక్కడ అందరికీ చిరాకే.

"ముందు తలుపు వెయ్యండి."

వేసి, గోడ పక్కన నిలబడ్డాడు.

"పోయినేడు మీవాళ్ళు మా చేలల్లో తిరిగారండి. మందు కొట్టకముందు, కొట్టాక పురుగుల్ని లెక్కపెట్టుకెళ్ళారు. ఏం తేలిందో కనుక్కుందామని. ఈ ఏడు మళ్ళీ పత్తే వెయ్యమంటారా, మిరప వెయ్యమంటారా?"

హారికకి ఉత్సాహం వచ్చింది. ఏడాదిగా ఆమె రాస్తున్న ప్రోగ్రాం సరిగ్గా ఆ జవాబే చెబుతుంది. మీట నొక్కి చూపించింది.

"కొత్త మందు బాగా పనిచేస్తోంది. ధైర్యంగా పత్తి వేసుకోండి."

"అది కాదమ్మా, మీకో మాట చెబుదామని కూడా..."

"అందరి చేల లెక్కలూ ఇందులో ఉన్నాయండీ. అన్నీ కలిపే కంప్యూటరు చెబుతోంది."

ఆయన తెర వంక కాసేపు చూశాడు.

"మీరంతగా చెప్పాక ఇంకేముంది లెండి," అని వెళ్ళిపోయాడు.

పేరడగాలని ఆమెకి తోచనేలేదు.

వానలు పడ్డాయి. ఊళ్ళల్లో విత్తడాలు అయిపోయాయి. అప్పుడు పిలిచారు పెద్దసారు సీతారామాంజనేయులు గారు. ఆ మందు మీద రాసిన వ్యాసం అచ్చుకి పంపేముందు ఆ లెక్క తన కంప్యూటర్లో చేసి చూశారట.

"మొదట్లో నువ్వు ఫ్లాపీలో ఇచ్చిన ప్రోగ్రామే. అవే అంకెలు. నాకు మాత్రం మందు పనిచేస్తుందని రావట్లేదేంటమ్మా?"

"మీ కంప్యూటరు పాతది సార్."

"కూడికలకి పాతేంటి, కొత్తేంటి?"

హారిక తన ప్రోగ్రాం ముందేసుకుని కూర్చుంది. తను రాసిందే తనకి అర్థం కాలేదు. పని జరిగితే చాలనుకుని నోటికొచ్చిన పేర్లు పెట్టి, తోచినచోటల్లా మార్చుకుంటూ పోయింది. ఎందుకు మార్చిందో ఒక్కచోటా రాసిపెట్టుకోలేదు. సారు ఫ్లాపీలోని పాతదీ, తన దగ్గరున్న కొత్తదీ పక్కపక్కన పెట్టి వరస వరసా పోల్చగా, చివరికి ఒకచోట తేడా దొరికింది.

నలభై ఒకటో చేను వస్తే వదిలెయ్యమని ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ ఒక్క చేలో మందు కొట్టాక పురుగు తగ్గకపోగా, మొత్తం లెక్కనే తారుమారు చేసేంతగా పెరిగింది. లెక్కపెట్టినవాళ్ళు పొరబడి ఉంటారని తనే తీర్మానించి తీసేసింది. జవాబు చక్కగా కుదిరింది. ఎవరికీ చెప్పలేదు, తర్వాత తనూ మరిచిపోయింది.

పురుగుల్ని లెక్కపెట్టిన సురేంద్రకి ఫోన్ చేసింది.

"తప్పు కాదు మేడం. అనుమానమొచ్చి నేను రెండోసారి కూడా వెళ్ళి చూశా. అక్కడ పురుగు ఆ మందుకి చావట్లేదు. పర్చూరు దగ్గర యలమందగారి చేను అది."

హారిక వెంటనే అడిగింది.

"ఆయన ఈసారి పత్తి వెయ్యలేదు కదా?"

"ఇంకో చెక్క పొలం కౌలుకి తీసుకుని మరీ వేశాడు మేడం. మొలక కూడా వచ్చేసింది."

ఏం చెయ్యడానికీ లేదు. మొలిచిన పైరుని ఎవరు మాత్రం ఏం చేస్తారు?

"అసలు మానేద్దామనే అనుకున్నాడు మేడం," అంటున్నాడు సురేంద్ర. "తన చేలో పురుగు చావలేదని చెబుదామని మీ దగ్గరికొస్తే, ధైర్యంగా వేసుకోమని మీరే చెప్పి పంపారంటగా."