పదహారు నిండేదాకా

“పిల్లల అకౌంట్లు మూయించమని వచ్చే తల్లుల్ని చూశాను గానీ, తెరవమని వచ్చిన తల్లిని మిమ్మల్నే చూస్తున్నానమ్మా,” అన్నాడు కౌంటర్లో కుర్రాడు.

వరసలో వెనక నించున్నవాళ్లు నవ్వారు. టైలరమ్మ నవ్వలేదు. కొట్లోంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది.

కొత్త చట్టం వచ్చింది. పదహారేళ్లు నిండని పిల్లల సోషల్ మీడియా అకౌంట్లన్నిటికీ ఒక్క రోజులో తాళాలు పడ్డాయి. జనం గోడు చెప్పుకోవడానికి ఊరూరా ఓ కౌంటర్ పెట్టాలని కూడా ఆ చట్టంలోనే రాశారు. ఆ అకౌంట్లు నడిపే కంపెనీ పెట్టింది. చెప్పుకోవచ్చు. వినడం గురించి మాత్రం చట్టంలో ఎక్కడా లేదు.

“అందులో మా అమ్మాయి పాటలున్నాయి బాబూ. నాకవి కావాలి. మా అమ్మాయి...”

“మీ అమ్మాయనే కాదు, అందరమ్మాయిలూ అంతేనమ్మా. పాటలంటారు, డాన్సులంటారు. పాటలేగా? ఎదురుగా కూర్చోబెట్టుకుని పాడించుకోండి. ఎవరొద్దన్నారు?”

“బాగా చెప్పావు నాయనా,” అంది వెనకున్న పెద్దావిడ. “ఫోను లాక్కున్నామని మా మనవరాలు రెండ్రోజులు అన్నం మానేసింది. మూడోరోజు తనే వడ్డించుకు తింది. గారాబం చేస్తే నెత్తికెక్కి కూర్చుంటారమ్మా.”

టైలరమ్మ ఆవిడ వంక ఓసారి చూసి మళ్లీ కౌంటర్ వైపు తిరిగింది. గారాబం చేసిన తల్లే అయితే ఈ కౌంటర్ దాకా వచ్చే పనే ఉండేది కాదు. అకౌంటు తెరిచేటప్పుడు పక్కనే కూర్చుని, “అబద్ధం రాశావో ఊరుకోను,” అని కూతురిచేత అసలు పుట్టినతేదీ వేయించింది తనే. క్లాసులో మిగతా పిల్లలంతా ఇరవై అనీ, ఇరవై రెండు అనీ వేసుకున్నారు. వాళ్లంతా నిక్షేపంగా ఉన్నారు. నిజం చెప్పిన పిల్ల నోటికే తాళం పడింది. అది తలుచుకుంటే ఆమెకి తన మీద తనకే ఒళ్లు మండుతోంది.

“పోనీ, కన్నతల్లిని. నా కార్డు చూసి నాకన్నా ఇవ్వండి.”

“తల్లిదండ్రులకి అసలే ఇవ్వమమ్మా. పిల్లల విషయాలు పిల్లలవే. అదీ కొత్త రూలే.”

“ఒక్క పాట చాలు. చివర పెట్టింది.”

కుర్రాడు గొంతు తగ్గించాడు. “ఓ పని చెయ్యండి. అమ్మాయిని తీసుకురండి. ఈ కెమెరా ముందు కూర్చుని రెండుసార్లు కన్నార్పితే వయసెంతో మెషీనే చెప్పేస్తుంది. కాస్త ఏపుగా ఉన్న పిల్లలు గట్టెక్కేస్తున్నారు. నేనన్నానని మాత్రం ఎక్కడా అనకండి.”

“అది రాదు బాబూ.”

“అలిగిందా?”

“అలక్కాదు. నేను చెప్పేది...”

“ముందు నేను చెప్పేది వినండమ్మా.” తెర మీద వివరాలు చూశాడు. “పద్నాలుగు నిండాయి. ఇంకెంత? పదహారు నిండిన రోజున తనే వచ్చి తెరుచుకుంటుంది. ఒక్క పాట కూడా ఎక్కడికీ పోదు. మెడలో టేపుంది, టైలరులా ఉన్నారు, మీకు తెలీనిదేముంది? ఆడపిల్ల ఎదగడం ఎంతసేపు? ఈ ఏడు కుట్టిన గౌను పైయేటికి పట్టదు. రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి.”

కుర్రాడు మంచివాడే. ఆ మాట మనసారానే అన్నాడు. పెద్దావిడ కూడా అవునన్నట్టు తలూపి, ఇక తన వంతే అనుకుని ముందుకు జరిగింది.

టైలరమ్మ కదల్లేదు. కౌంటర్ అంచు పట్టుకుని నిలబడింది. ఈసారి ఎవరూ ఆమె మాటకి అడ్డం రాలేదు.

“నాకు గడుస్తాయి బాబూ, కిందటి నెలే పోయిన పిల్లకి పదహారేళ్లు ఎక్కణ్ణుంచి తేను?”