ఏడుతోని గుణిస్తే

కరెంటు పోయింది. కార్ఖానాలో బట్ట నేసే ఆరు సాంచెలూ ఒక్కసారిగా ఆగిపోయాయి. యోహాను చెవుల్లో మాత్రం మోత ఇంకా ఆగలేదు. కరెంటు రాగానే అన్నీ కలిసి ఉరకకుండా అతను హ్యాండిళ్లు దించుతుంటే, అన్నం డబ్బా తెచ్చిన కూతురు ఫేబీ టార్చి వేసి, నేసిన పోగుల లెక్క చూపే కౌంటర్లు చదివింది.

"బాపూ, మొదటి సాంచె మీద 142857. రెండోదాని మీద 285714. గవే అంకెలు జాగలు మార్చుకున్నయ్!"

మూడోదాని మీద 428571. మిగతా వాటి మీదా అవే అంకెలు.

"గట్లెట్లయితది బిడ్డా?"

"కాలేజీల చెప్పిండ్రు. గీ మొదటి నంబరును రెండుతోని గుణించు, మూడుతోని గుణించు, ఆరు దాక గవే అంకెలు తిరుగుతయ్."

"ఏడుతోని?"

"అన్నీ తొమ్మిదులే."

ఇద్దరూ మూలకు చూశారు. ఏడో సాంచె అక్కడుంది. దాన్ని నడిపిన ఎలీషా దాని బెల్టు పట్టాలో చిక్కుకుని చనిపోయాక సేఠ్ మోటారు తీయించేశాడు. కొత్త మనిషి సాంచె పట్టినప్పుడే కౌంటర్‌ను సున్నకు తిప్పుతారు. దాన్ని ఎవరూ పట్టలేదు. ఎలీషా వదిలిన లెక్క అలాగే గుడ్డ కింద ఉండిపోయింది.

యోహాను గుడ్డ తీశాడు. 999999.

"పా బిడ్డా, ఇంటికి పోదాం."

టక్‌మని చప్పుడైంది. తొమ్మిదులన్నీ కలిసి తిరిగి, ఆరు సున్నలై నిలిచాయి.

యోహాను కూతురి చెయ్యి అందుకోబోయాడు. ఆ చెయ్యి అప్పటికే ఏడో సాంచె హ్యాండిల్ మీద ఉంది.