ట్రూడీ పెరట్లో ఖైదీ

ట్రూడీ పెరట్లోని తాబేలును ఎత్తుకుపోవడానికి లైల్ ఆదివారం పొద్దుటి పూటను ఎంచుకున్నాడు. ఆ వేళకి ట్రూడీ చర్చిలో ఉంటుంది. దొంగతనానికి ఇంతకంటే పవిత్రమైన ముహూర్తం ఉండదనిపించి అతనికి తన తెలివి మీద తనకే ముచ్చటేసింది.

మనిషికి అరవై ఎనిమిదేళ్లు. బోరాక్స్ గనిలో లారీ నడిపి రిటైరయ్యాడు. గోడ దూకడం సంగతి దేవుడెరుగు, మంచం దిగాలన్నా మోకాళ్ల అనుమతి కావాలి. అందుకే భార్య బెర్నిస్‌ను ముఠాలో చేర్చుకున్నాడు. ట్రక్కు ఇంజను ఆపకుండా సందు చివర కాచుకుని ఉండటం ఆవిడ పని.

“అడవి తాబేలును ఇంట్లో బంధించడం నేరమే కదయ్యా. వన్యప్రాణుల ఆఫీసుకి ఒక్క ఫోన్ కొడితే వాళ్లే వచ్చి చూసుకుంటారుగా?” అంది బెర్నిస్.

“అప్పుడు పేరు వాళ్లకి పోతుంది.”

“నిజమే. పట్టుబడితే మాత్రం పేరంతా నీకే!”

లైల్ వినిపించుకోలేదు. అతని బాధ అతనిది. చిన్నప్పుడు ఈ ఎడారిలో వసంతం వస్తే తాబేళ్లు రోడ్డు దాటేదాకా సైకిలు దిగి నిలబడాల్సి వచ్చేది. తర్వాత మోటారు సైకిళ్ల పందేలొచ్చి వాటి కలుగుల్ని తొక్కేశాయి. ఊరి చెత్త మరిగిన బొంతకాకులు గవ్వంత పిల్లల్ని పొడుచుకు తిన్నాయి. మిగిలిన నేలను సోలార్ పలకలు కప్పేశాయి. ఇప్పుడు తాబేలును చూడాలంటే పాత గని వెనక ఎండువాగుకి పోవాల్సిందే. అక్కడా గుప్పెడే మిగిలాయి.

అలాంటిది, ఊరికి కొత్తగా వచ్చిన ఈ ట్రూడీ ఒకదాన్ని రెండు వరసల కంచెలో ఒంటరిగా పెట్టింది. అది రోజంతా కంచె వెంట తిరగ్గా తిరగ్గా నేలలో బాట పడింది. పశువుల డాక్టరట! డాక్టరై ఉండీ ఇంత రాతిగుండా అని లైల్‌కి వారం రోజులుగా నిద్రపట్టలేదు.

మొహానికి ఎర్ర రుమాలు కట్టుకుని బయల్దేరాడు. ఆ కుంటినడక, ఆ చిరుగుల టోపీ ఎవరివో వీధిలో కుక్కలకి కూడా తెలుసన్న సంగతి తట్టలేదు. ఎదురింటి ముసలాయన వరండాలోంచి “గుడ్ మార్నింగ్ లైల్!” అని చెయ్యూపాడు. ముసుగు దొంగ కూడా చెయ్యూపాడు.

కంచె కత్తిరించడానికి కటింగ్ ప్లయరు తెచ్చాడు. తీరా చూస్తే తలుపుకి గొళ్లెమే గాని తాళం లేదు. కాస్త నిరుత్సాహపడ్డాడు.

తాబేలు బెదిరితే ఒంట్లో దాచుకున్న నీళ్లన్నీ వదిలేస్తుందనీ, ఆ నీళ్లు లేకపోతే ఎండాకాలం గట్టెక్కదనీ అతనికి తెలుసు. అందుకని పురిటిబిడ్డను ఎత్తినట్టు మెల్లగా, ఒరగకుండా ఎత్తాడు. అయినా అది ఉన్నదంతా అతని ఇస్త్రీ ప్యాంటు మీద పోసింది.

“దాని మీద నీకెంత ప్రేమో గాని, నీ మీద దాని అభిప్రాయం తెలిసిపోయింది,” అంది బెర్నిస్, ట్రక్కు అద్దాలు దించుతూ.

లైల్ దాన్ని వెడల్పాటి గిన్నెలో నిలబెట్టి కడుపునిండా నీళ్లు తాగించాడు. ఎండువాగు దగ్గర, పసుపు పూలు విరగబూసిన చోట, ఒక పెద్ద కలుగు ముందు దింపాడు. కాసేపటికి కలుగులోంచి ఇంకో తాబేలు తల బయటపెట్టింది. రెండూ మెడలు సాచాయి. తలలూపుకున్నాయి. ముక్కూ ముక్కూ ఆనించి అలాగే ఉండిపోయాయి.

“చూశావుటే? ఎన్నాళ్లకి కలిశాయో!” అన్నాడు లైల్.

పెళ్లయిన కొత్తలో పట్టుకున్నట్టు బెర్నిస్ అతని చెయ్యి పట్టుకుంది. ఈ ఒక్క పనితో తన బతుకు సార్థకమైందనుకున్నాడు లైల్.

మధ్యాహ్నం ట్రూడీ తలుపు తట్టింది. ఆశ్చర్యపడటం ఎలాగో లైల్ పొద్దున్నే అద్దం ముందు సాధన చేశాడు గాని, సమయానికి మొహం సహకరించలేదు.

“లైల్ గారూ, నా తాబేలు కనపడటం లేదు,” అంది ఆవిడ. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. “ఈ ఎడారి మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదంటారు. వెతకడానికి కాస్త సాయం రండి.”

“తప్పుగా అనుకోకమ్మా,” అన్నాడు లైల్. ఇన్నాళ్లూ కూడబెట్టుకున్న ఉపన్యాసం ఒక్కసారిగా నోటికొచ్చింది. “స్వేచ్ఛగా తిరగాల్సిన ప్రాణి. కంచెలో ఒంటరిగా పెడితే దాని ఉసురు తగలదూ? పోయిందంటే సంతోషించాలి.”

ఆవిడకి కోపం రాలేదు. “ఎటైనా పోనివ్వండి. ఎండువాగు వైపు మాత్రం పోకపోతే చాలు.”

“పోతే ఏమైంది? తన వాళ్ల దగ్గరికేగా!”

“ఆ వాగులోంచే తెచ్చి నా దగ్గర విడిగా ఉంచారండీ వన్యప్రాణుల ఆఫీసువాళ్లు. దానొక్కదానికే అంటుజబ్బు సోకింది, దాని ముక్కు ఇంకో దాని ముక్కుకి తగిలితే చాలు, వాగులో ఒక్క తాబేలూ మిగలదు.”